పెట్టెలో పలంక: ఒక చెక్కకోట నమూనాపై సమీక్ష

గత వేసవిలో సెర్బియాలోని నోవి సాద్ నగరంలో, పెత్రొవారదిన్ కోట ఎక్కే దారి పక్కన చేతిపనుల వస్తువులు అమ్మే ఒక బల్ల మీద ఈ పెట్టె నా కంట పడింది. మూత మీద తయారీదారు పేరు గానీ చిరునామా గానీ లేవు; చెక్క మీద వాతపెట్టిన అక్షరాలతో 'పలంక' అన్న ఒక్క మాట మాత్రం ఉంది. ఒట్టోమన్ తుర్కులు తమ సరిహద్దుల్లో కట్టుకున్న చెక్కకోటను నూరో వంతు కొలతలో మన చేతులతో మనమే కట్టుకోవడానికి కావలసిన సామగ్రి అందులో ఉన్నది. ధర 4,800 దీనార్లు, అంటే 40 యూరోల పైచిలుకు. ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో కాపురముంటున్న నేను ఈ ప్రాంతపు కోటల మీద ఆసక్తితో అడిగిన ధరకే కొనుక్కొచ్చి, నెలన్నర పాటు రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. కట్టడం ముగిసి కొన్ని వారాలు గడిచిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను కాబట్టి, కొత్తలో కలిగిన మోజు కొంత తగ్గిందనే అనుకుంటున్నాను. గోడ విషయంలో ఈ పెట్టె చేసినవాడికి పనితనమూ తెలుసు, చరిత్రా తెలుసు. గోడ దాటి లోపలికి వచ్చేసరికి ఆ రెండూ ఎక్కడో జారవిడిచాడు.

పలంక అంటే ఏమిటో కొంచెం చెప్పకపోతే ఈ మాట అర్థం కాదు. 1526లో మొహాచ్ యుద్ధం గెలిచి, 1541లో బుదా నగరాన్ని స్వాధీనం చేసుకున్న తరువాత ఒట్టోమన్లకు హంగరీ నడుమ నుంచి పోయే ఒక పెద్ద సరిహద్దు ఏర్పడింది. అవతల ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బుర్గ్ చక్రవర్తుల కోటలు, ఇవతల వీరి కోటలు. యుద్ధం లేని సంవత్సరాల్లో కూడా రెండు వైపుల నుంచీ పశువులను తోలుకుపోయేవారు, మనుషులను పట్టుకుపోయి డబ్బు కట్టించుకుని వదిలేవారు. అటువంటి చోట ప్రతి రేవుకూ, ప్రతి వంతెనకూ, ప్రతి దారి మలుపుకూ రాతికోట కట్టాలంటే ఏ ఖజానా చాలదు. అడవి మాత్రం దగ్గరలోనే ఉంది. అందుచేత పెద్ద కోటల మధ్య ఖాళీలను పూడ్చడానికి, దానూబ్ నది వెంట పడవల రాకపోకలను కనిపెట్టడానికి, ఇస్తాంబుల్ నుంచి బెల్‌గ్రేడ్‌కు పోయే రాజమార్గంలో బాటసారులకు రక్షణగా నిలవడానికి త్వరగా లేచే ఈ కొయ్యకోటలను కట్టుకున్నారు. ఒక్కొక్క దానిలో కొన్ని పదుల మంది నుంచి కొన్ని వందల మంది వరకు కాపలా ఉండేవారు.

పెట్టెతో వచ్చిన కాగితం ఈ చరిత్రను నాలుగు వాక్యాల్లో తేల్చేసి, పలంక అచ్చమైన తుర్కీ మాట అని రాసింది. అది తప్పు. తుర్కీలోకి ఈ మాట హంగేరియన్ 'పలాంక్' నుంచి వచ్చింది. హంగేరియన్లకు లాటిన్ నుంచి వచ్చింది. ఇంకా వెనక్కి పోతే దుంగ అనీ, సైనికుల బారు అనీ రెండర్థాలున్న గ్రీకు 'ఫాలాంక్స్' దగ్గర తేలుతుంది. తుర్కుల నోట పడి తిరిగిన తరువాత మళ్ళీ సెర్బియన్, బల్గేరియన్, మాసిడోనియన్ భాషల్లోకి తుర్కీ అరువుమాటగా దిగింది. చేబదులు తెచ్చుకున్న సొమ్మును మరొకరికి అప్పిచ్చినట్టుగా సాగిన వ్యవహారమిది. ఉక్రెయిన్ మైదానాల్లోని జపొరోజ్యె కొజాకులైతే 18వ శతాబ్దంలో తమ భూముల పాలనా విభాగాలనే పలంకలని పిలిచారు. తెలుగువారికి పలక, పల్లకి వంటి మాటలు చటుక్కున గుర్తుకొస్తాయి గానీ, అవి సంస్కృతపు దారిన వచ్చినవి. చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలుపుకోకూడదు. తుపాకి సంగతి వేరు. ఆ మాట మనకు నిజంగానే తుర్కీ మూలం నుంచి వచ్చింది, ఆ పలంకల గోడల మీద నిలబడిన కాపలావాళ్ళ చేతుల్లోనూ అదే పేరు గల ఆయుధం ఉండేది.

ఇక కట్టడం సంగతి. పెట్టెలో ఒక అడుగుపలక, రెండు మిల్లీమీటర్ల లావున్న గుంజలు, నీళ్ళలో నానబెట్టి వంచుకోవలసిన సన్నని కొమ్మబద్దల చుట్టలు మూడు, గోధుమరంగు మట్టిపొడి సంచి ఒకటి, లేజరుతో కోసిన పలుచని చెక్క భాగాలు, పన్నెండు మంది సైనికుల బొమ్మలు ఉన్నాయి. అడుగుపలక మీద రెండు వరుసల రంధ్రాలున్నాయి. వాటిలో గుంజలు పాతి, గుంజల మధ్య బద్దలను ఒకటి ముందుగా, ఒకటి వెనుకగా అల్లుకుంటూ పైకి పోవాలి. లోపలి వరుసకు ఒక దడి, వెలుపలి వరుసకు మరొక దడి. రెండింటికీ మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం, అంటే అసలు కొలతలో రెండు మీటర్లు.

సినిమాల్లో చూసిన చెక్కకోటలు మనసులో ఉన్నవారు ఇక్కడ ఆశ్చర్యపోతారు. మొనలు చెక్కిన దుంగలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన కంచె కూడా పలంకల్లో ఉండేది, ఒక్క వరుసతో సరిపెట్టుకున్న చిన్న కోటలకు అదే గోడ. కానీ కాస్త గట్టిగా నిలవాలనుకున్నచోట రెండు వరుసలు పాతి, దడి అల్లి, నడుమ మట్టి కూరి, పైన మట్టి మెత్తేవారు. మార్కెట్లో దొరికే చాలా నమూనాలు మొదటి రకాన్నే చూపిస్తాయి, ఎందుకంటే అది చేయడం తేలిక, చూడగానే కోట అని తెలుస్తుంది. ఈ పెట్టె చేసినాయన రెండవ రకాన్ని ఎంచుకున్నాడు. ఆ ఒక్క నిర్ణయానికే సగం ధర చెల్లిపోయిందని నా అభిప్రాయం.

అల్లిక మొదటి మూడు రోజులూ నరకం. బద్దలు ఎక్కువ నానితే జీరలుగా విడిపోతాయి, తక్కువ నానితే గుంజ దగ్గర పుటుక్కున విరుగుతాయి. ఇరవై నిమిషాలు నానబెట్టమని కాగితంలో ఉంది; నా అనుభవంలో ముప్పావుగంట గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకుని, ఒక్కొక్కటిగా తీసుకుంటేనే పని సాగింది. మూలల దగ్గర బద్దను తెంపకుండా తిప్పాలి, తెంపితే ఆ మూల తరువాత విచ్చుకుంటుంది. ఈ సంగతి కాగితంలో లేదు. ఆగ్నేయ మూలను రెండుసార్లు విప్పి అల్లాక నాకు తెలిసివచ్చింది.

వీడియో కాల్‌లో ఈ తంతంతా చూసిన మా నాన్నగారు మొదట నవ్వారు. ఆయన చిన్నతనం గోదావరి లంకల్లో గడిచింది. కళ్ళజోడు సవరించుకుని కాసేపు తేరిపార చూసి, "ఇది మన తడిక మీద మట్టి మెత్తడమే కదరా. దీనికోసం అంత దూరం వెళ్ళాలా?" అన్నారు. ఆ తరువాత ప్రతి రాత్రీ ఆయనే పని పురమాయించేవారు. మట్టిపొడిని జిగురునీళ్ళతో కలిపి రాయమని కాగితం చెబుతోందంటే ఒప్పుకోలేదు. "వట్టి మట్టి రాస్తే ఎండగానే బీటలిస్తుంది. అందులో గడ్డి తుంచి వెయ్యి, ఒక రాత్రి నాననివ్వు, పొద్దున్న మళ్ళీ పిసుకు" అన్నారు. నేను వినకుండా పడమటి గోడకు కాగితం చెప్పినట్టే రాశాను. మర్నాటికి తాబేటి చిప్పలా పగిలి, పెచ్చులు బల్ల మీద పడ్డాయి. ఎండుగడ్డిని కత్తెరతో మిల్లీమీటరు ముక్కలుగా కత్తిరించి కలిపి తక్కిన మూడు గోడలకు మెత్తితే వెంట్రుకవాసి చీలిక కూడా రాలేదు. తయారీదారు ఆ పొడిలోనే కాస్త పీచు కలిపి ఉంటే కొనుక్కున్నవారికి ఈ శ్రమ తప్పేది.

మట్టిపూత కేవలం అలంకారమని ఎవరైనా అనుకుంటే, పలంకకు నిప్పు ఎంత పెద్ద శత్రువో వారికి తెలియదన్నమాట. 1566లో సులేమాన్ సుల్తాను చివరి దండయాత్రకు బయలుదేరినప్పుడు ఇప్పటి క్రొయేషియాలోని ఒసియెక్ దగ్గర ద్రావా నది మీదుగా, అవతలి చిత్తడినేల మీదుగా సుమారు 8 కిలోమీటర్ల పొడవున కొయ్యవంతెన వేయించాడు. దాని ఉత్తరపు కొసకు దార్దా వద్ద ఉన్న పలంక కావలి. 1664 శీతకాలంలో హాబ్స్‌బుర్గుల పక్షాన పోరాడిన క్రొయేషియా ప్రభువు నికొలా జ్రిన్‌స్కి దండు వచ్చి ఆ వంతెనను కాల్చివేసింది. నీళ్ళ మీద నిలిచిన కొయ్యకే దిక్కు లేనప్పుడు, పొడినేల మీది దడికి చేతిమందంలో మెత్తిన మట్టి ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

గోడ నడుమ ఏమి నింపాలన్న దగ్గర నాకు ఈ పెట్టె మీద మొదటిసారి కోపం వచ్చింది. బూడిదరంగు స్పాంజి పట్టీలిచ్చి, వాటిని సందులో దూర్చి పైన మట్టి రాసేయమన్నారు. పలంక బలమంతా ఆ నడుమనే ఉంది. మట్టి కూరిన పలంకను ఒట్టోమన్లు 'దొల్మా' అని పిలిచేవారు. తుర్కీలో దొల్మా అంటే నింపినది, కూరినది. మిరపకాయల్లోనూ వంకాయల్లోనూ అన్నమో మాంసమో కూరి వండే వంటకానికీ అదే పేరు. మన భాషలో చెప్పాలంటే అది గుత్తివంకాయ గోడ. ఫిరంగిగుండు వచ్చి తగిలితే రాతిగోడ పగిలి కూలుతుంది. దిమ్మిస కొట్టిన మట్టి మాత్రం గుండును తనలో ఇముడ్చుకుంటుంది. స్పాంజి నింపిన దొల్మా కూరలేని గుత్తివంకాయ వంటిది. నేను ఆ పట్టీలను గిన్నెలు తోముకోవడానికి వంటింట్లో పడేసి, బాల్కనీలోని పూలకుండీ మట్టిని ఎండబెట్టి, టీ వడగట్టే జల్లెడతో జల్లించి, పెన్సిలు వెనుక కొసతో పొరపొరగా దట్టించాను.

దట్టించడం మొదలుపెట్టాక మరొక విషయం బయటపడింది. మట్టి కూరేకొద్దీ రెండు దడులూ బయటికి ఉబ్బసాగాయి. అడ్డకర్రలు ఎందుకున్నాయో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు. పెట్టెలో ముప్పై చిన్న అడ్డకర్రలిచ్చారు. ఒక్కొక్కదాన్ని రెండు వరుసలకూ అడ్డంగా దూర్చి, గుంజల వెలుపల చీల దిగగొట్టాలి. స్పాంజి నింపేవారికి అవి ఉన్నా లేకపోయినా ఒకటే. మట్టి నింపేవారికి అవి లేకపోతే గోడే లేదు, ఎందుకంటే మట్టి తోపును పట్టి ఉంచే బందు అదే. చేసినాయనకు ఇంత తెలిసి కూడా స్పాంజి ఎందుకు పెట్టాడో నాకు బోధపడలేదు. పెట్టె బరువు పెరుగుతుందని వెనుకాడి ఉంటాడు.

ఇటువంటిదే కందకం విషయంలోనూ జరిగింది. అడుగుపలక మీద కోట చుట్టూ నీలిరంగు గీత ఒకటి గీసి ఊరుకున్నారు. కందకం లేకుండా గోడలోకి మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? తవ్విన మట్టి గోడలో పడుతుంది, తవ్విన గుంట గోడకు ముందు నిలుస్తుంది. ఒకే పనికి రెండు ఫలితాలు. నేను అడుగుపలక కింద మరొక చెక్క అతికించి, ఉలితో పదిహేను మిల్లీమీటర్ల లోతున గాడి చెక్కుకున్నాను. ఆ పని మీద ఒక శనివారం పోయింది, ఎడమచేతి బొటనవేలికి కట్టు కూడా పడింది.

ద్వారం, దాని మీది కావలిమంచె బాగున్నాయా అంటే సగం బాగున్నాయి. మంచెను తుర్కీలో 'చార్దాక్' అంటారు, సెర్బియన్ భాషలోకి కూడా అదే మాట పోయింది. నాలుగు కమానులు అన్న అర్థం గల పారసీక పదం నుంచి అది పుట్టింది. మన చార్‌మినార్‌లో ఉన్న 'చార్' ఇదే. 1591లో హైదరాబాదు నడిబొడ్డున చార్‌మినార్ లేచిన రెండేళ్ళకే, అంటే 1593లో, హంగరీలో ఒట్టోమన్లకూ హాబ్స్‌బుర్గులకూ మధ్య పదమూడేళ్ళ సుదీర్ఘ యుద్ధం మొదలైంది. ఇక్కడ రాతితో సున్నంతో నాలుగు మినార్లు, అక్కడ నాలుగు కొయ్య కాళ్ళ మీద మంచెలు. ఈ కిట్‌లోని మంచె చక్కగా కుదిరింది, నిచ్చెన మెట్లు కూడా విడివిడిగా అతికించుకోవచ్చు. దాని కింది ద్వారానికి మాత్రం రాతికమాను బొమ్మను ముద్రించిన పలుచని చెక్క ఇచ్చారు. నిలువెల్లా కొయ్యతో, మట్టితో కట్టిన కోటకు గుమ్మం మాత్రం రాజప్రాసాదపు గుమ్మం. ఆ ముక్కను తిరగేసి, వెనుకవైపు సన్నని బద్దలు అతికించి, అడ్డగడియ వేసిన చెక్కతలుపులుగా మార్చుకున్నాను.

లోపలి భవనాల గురించి ఎక్కువ చెప్పను. గుమ్మటమూ, కోట గోడకు మూడింతల ఎత్తు మినారూ ఉన్న మసీదు ఒకటి ఇచ్చారు. అది ఇస్తాంబుల్ పోస్టుకార్డు నుంచి ఊడిపడినట్టుంది. 17వ శతాబ్దపు ఒట్టోమన్ యాత్రికుడు ఎవ్లియా చెలెబి ఈ సరిహద్దు కోటల గురించి రాసిన వర్ణనల్లో తరచుగా ఎదురయ్యేది చెక్కపెంకుల కప్పు. ఇళ్ళకూ అదే, చిన్న మసీదులకూ అదే. కొట్లు, నివాసాలు పర్వాలేదు.

సైనికుల బొమ్మలు మరీ అన్యాయం. పన్నెండు మందీ ఎత్తైన తెల్లటోపీల జానిస్సరీలే. సుల్తాను సొంత దళమైన జానిస్సరీలు పెద్ద కోటల్లో ఉండేవారు, అవసరాన్ని బట్టి చిన్నవాటికీ వచ్చేవారు. పలంకల్లో రోజువారీ కాపలా మోసింది ఎక్కువగా స్థానికంగా చేర్చుకున్న 'అజాబు'లనే కాల్బలం, గుర్రపు రౌతులు, నలుగురైదుగురు ఫిరంగిగాళ్ళు, వారితోపాటు 'మర్తొలోస్'లనే సరిహద్దు కాపలాదళాలవాళ్ళు. హంగరీలోని ఒట్టోమన్ కోటల సైనికుల్లో చాలామంది బోస్నియా, సెర్బియా వైపువారే. మర్తొలోసుల్లోనైతే క్రైస్తవులు ఎందరో. సుల్తాను జీతం తింటూ, ఇంట్లో సెర్బియన్ మాట్లాడుకుంటూ, ఆదివారం శిలువ గుర్తు వేసుకునే కాపలావాడు ఆ సరిహద్దు అసలు రూపం. వాడి బొమ్మ ఒక్కటి కూడా ఇందులో లేదు. పైగా ఈ బొమ్మల ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు, నూరో వంతు కొలతలో చూస్తే ఒక్కొక్కడు రెండున్నర మీటర్ల మనిషి! గోడ వెనుక నిలబెడితే మొలదాకా బయటికి కనిపిస్తున్నారు. వాళ్ళను తీసి పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను.

అమ్మకందారు సేవ గురించి కూడా చెప్పాలి. కాగితం ప్రకారం గుంజలు 430. లెక్కపెడితే 411 వచ్చాయి. పెట్టె లోపల అతికించిన చీటీలోని ఫోను నంబరుకు సందేశం పంపితే పదహారు రోజులకు జవాబు వచ్చింది: పళ్ళు కుట్టుకునే పుల్లలు సరిగ్గా అదే లావు ఉంటాయట, వాటిని వాడుకోమన్నారు. మర్యాదగా లేకపోయినా మాట నిజమే, సరిపోయాయి. ఆ వ్యక్తిని తరువాత అదే బల్ల దగ్గర కలిసినప్పుడు ఫిర్యాదు చేద్దామనుకున్నాను గానీ, మా ఊరెక్కడో అడిగి, గోడలోపల మట్టి నింపానని ఫోటో చూపించేసరికి ఆయన ముఖం విప్పారింది. తానుండేది కూడా ఒక 'పలంక'లోనే అని నవ్వాడు. సెర్బియన్‌లో ఇప్పుడు ఆ మాటకు కోట అన్న అర్థం వాడుకలో లేదు. పట్టణమనీ అనలేని, పల్లె అనీ అనలేని చిన్న ఊరిని, అక్కడి ఇరుకు మనస్తత్వాన్ని కాస్త వెటకారంగా అలా అంటారు.

ఊళ్ళ పేర్లలో మాత్రం కోట నిలిచింది. బాచ్కా పలంక, స్మెదెరెవ్‌స్కా పలంక, బేలా పలంక, బ్ర్జా పలంక సెర్బియాలో ఉన్నాయి. క్రీవా పలంక ఉత్తర మాసిడోనియాలో ఉంది. కట్టడం ముగిసిన వారం నోవి సాద్ నుంచి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాచ్కా పలంకకు బస్సులో వెళ్ళాను. దానూబ్ ఒడ్డున నిలబడితే అవతల గట్టు మీద క్రొయేషియా వైపు ఇలోక్ పట్టణపు ఇటుకగోడలు కనబడ్డాయి. ఇవతల పార్కు, బెంచీలు, గాలాలు వేసుక్కూర్చున్న ముసలివాళ్ళు. కొయ్యకోట ఆనవాలు నా కంటికి ఒక్కటీ ఆనలేదు. కొయ్య కుళ్ళిపోతుంది, మట్టి మట్టిలో కలిసిపోతుంది. పురావస్తు తవ్వకాల్లో బయటపడేవి చాలావరకు గుంజలు పాతిన గుంటల నల్లని మచ్చలే. నేను ఈ పెట్టె కొన్న పెత్రొవారదిన్ కోట సంగతి చూడండి. 1692 నుంచి 1780 వరకు హాబ్స్‌బుర్గులు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన ఆ కొండంత కోట ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. దాని నీడలో కూర్చుని ఒకాయన పలంకలు అమ్ముకుంటున్నాడు.

ఎవరు కొనవచ్చునంటే, పన్నెండేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్ళు కూడా కూర్చుని చేయగలిగితే కొనవచ్చు. పిల్లలకు ఒక్కరికే ఇస్తే అల్లిక దగ్గరే విసిగిపోతారు. వివరణల కాగితం సెర్బియన్, హంగేరియన్, ఇంగ్లీషు భాషల్లో ఉంది. ఇంగ్లీషు భాగం చదివితే ఏ కర్ర ఎక్కడిదో తెలియదు, బొమ్మలను చూసి పోవడమే మేలు. మసీదు, రాతిగుమ్మం, సైనికులు లేకుండా గోడ, మంచె, రెండు కొట్లు మాత్రమే పెట్టి 3,000 దీనార్లకు అమ్మితే నేను మరొకటి కొని మా నాన్నగారికి పంపిస్తాను. ఈ ధరకు, ఈ సామగ్రికి ఐదింట మూడున్నర మార్కులు ఇస్తున్నాను; ఆ మూడున్నరలో మూడు గోడవే.

నమూనా ఇప్పుడు నా పుస్తకాల బీరువా మీద ఉంది. గదిలో హీటరు వేయడం మొదలుపెట్టాక పొడిగాలికి పడమటి గోడ, అదే గడ్డి కలపకుండా మెత్తిన గోడ, మళ్ళీ పెచ్చులూడింది. లోపలి దడి అక్కడక్కడ బయటపడి కనబడుతోంది. అసలు పలంకల్లోనూ కొన్నేళ్ళకోసారి కుళ్ళిన గుంజలు మార్చి మళ్ళీ మట్టి మెత్తవలసి వచ్చేది, ఆ పనికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను రప్పించేవారు. నాకు ఆ సదుపాయం లేదు. ఈ ఆదివారం కుండీలో మిగిలిన మట్టిని నానబెట్టి ఉంచమని నాన్నగారు నిన్న రాత్రే చెప్పారు.